తేడా వచ్చిన చోటే కథ ఉంటుంది

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటానని, మెడికల్ షాపులో బిల్లింగ్ చేస్తానని, కథలు రాయాలని పదేళ్లుగా కోరిక అని రాశారు. ‘పొద్దున్నే వంట, పిల్లల క్యారేజీలు, తర్వాత షాపు. మందులివ్వడం, బిల్లు కొట్టడం, ఎవరైనా వాపసు తెస్తే లెక్క చూసి డబ్బులిచ్చేయడం. రాత్రికి ఇల్లు. ఇందులో కథ రాసేంత ఏముంది? వరద సంగతి రాద్దామంటే అందరూ రాసేశారు. అసలు రాసేవాళ్లకు కథలు ఎక్కడినుంచి వస్తాయి?’ అని అడిగారు.

రెండోసారి చదివినప్పుడు ‘వాపసు తెస్తే’ అన్న మాట దగ్గర ఆగిపోయాను.

మందులు ఎవరు వాపసు తెస్తారు? డాక్టరు మందు మార్చినవాళ్లు తెస్తారు. ఒంటికి పడనివాళ్లు తెస్తారు. ఆ మందు వేసుకోవాల్సిన మనిషి ఇక లేని ఇంటివాళ్లూ తెస్తారు. ఈ మూడో రకం వాపసు మీ కౌంటరు మీదికి ఎన్నిసార్లు వచ్చిందో మీకే తెలియాలి. మీరు షీట్లు లెక్కపెట్టి, బ్యాచ్ నంబరు బిల్లుతో సరిచూసి, కత్తిరించిన షీటు తీసుకోవడం కుదరదని చెప్పి, మిగతావాటికి డబ్బులిచ్చి ఉంటారు. అవతలి మనిషి ఆ డబ్బులు ఎలా తీసుకున్నారు? లెక్క చూసుకున్నారా, చూడకుండానే జేబులో కుక్కేసుకున్నారా? మీరు తీసుకోనన్న ఆ కత్తిరించిన షీటును ఏం చేశారు? అక్కడే వదిలేశారా, మళ్లీ కవర్లో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్లారా? పట్టుకెళ్లి ఏం చేసుకుంటారు?

ఆ ఆఖరి ప్రశ్నకు జవాబు మీకు తెలియదు. నాకూ తెలియదు. కథ రాయాల్సింది అందుకే.

నాది గుంటూరు, బ్రాడీపేట. 31 ఏళ్లు ఇక్కడి కోల్డ్ స్టోరేజీల్లో అకౌంట్స్ రాశాను. పాతికేళ్ల పైనుంచి కథలు రాస్తున్నాను, నలభై దాకా అచ్చయ్యాయి. వాటిలో చాలాభాగం ఇల్లు, ఆఫీసు, రైలు, కూరగాయల మార్కెట్ దాటకుండా వచ్చినవే. దేశాలు తిరిగితేనో, పెద్ద కష్టం వస్తేనో తప్ప కథలు రావన్న భయం ఉంటే ముందు దాన్ని పక్కన పెట్టండి.

కథ ఎక్కడ ఉంటుందో నాకు చెప్పింది సాహిత్యం కాదు, లెడ్జరు. నెలాఖరున ట్రయల్ బ్యాలెన్స్ తీస్తాం. రెండు వైపులా మొత్తం కలవాలి. కలవకపోతే ‘తేడా వచ్చింది’ అంటాం. పెద్ద తేడా అయితే తొందరగా దొరుకుతుంది, ఏదో ఒక పద్దు ఎక్కించడమే మర్చిపోయి ఉంటాం. చిన్న తేడా ప్రాణం తీస్తుంది. ఒకసారి 27 రూపాయలు తేడా వచ్చింది. మా పెద్ద గుమాస్తాగారు చూసి, ‘తొమ్మిదితో భాగిస్తే సరిగ్గా పోతోంది కదా, ఎక్కడో అంకెలు తారుమారయ్యాయి, వెతుకు’ అన్నారు. నిజమే, 63 వేయాల్సిన చోట 36 వేశాను. అది దొరికేసరికి రాత్రి తొమ్మిదయింది. జేబులోంచి 27 రూపాయలు వేసి సరిపెట్టేస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. డబ్బు ముఖ్యం కాదు, ఎందుకు కలవలేదో తెలియాలి అన్నారు.

మనుషుల విషయంలో కూడా నేను చూసేది అదే. రోజంతా మన ముందు నుంచి వెళ్లే మనుషుల్లో నూటికి తొంభైమంది లెక్క సరిపోతుంది. వచ్చారు, కొన్నారు, వెళ్లారు. ఎక్కడో ఒకరి దగ్గర ఒక చిన్న విషయం మిగతావాటితో కలవదు. దాన్ని మనం గమనిస్తాం కూడా. కానీ ‘ఏదో లే’ అని జేబులోంచి 27 రూపాయలు వేసినట్టు సరిపెట్టేసుకుంటాం. రాసేవాళ్లు సరిపెట్టుకోకూడదు.

ఒకటి చెప్తాను, కాస్త వివరంగానే.

గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోనే పెద్దదని పేరు. సంక్రాంతి దాటాక కొత్త సరుకు జోరుగా దిగుతుంది. ఆ రోజుల్లో యార్డు పక్క రోడ్డు మీద నడిచినా తుమ్ములు ఆగవు. ధర నచ్చని రైతు, వేడికి కాయ రంగు పోకుండా, టిక్కీలను కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాడు. టిక్కీ అంటే మిర్చి బస్తా, నలభై కిలోలకు అటూఇటుగా ఉంటుంది. ముఠావాళ్లు, అంటే హమాలీలు, సరుకు దింపి, బస్తాల మీద మార్కు వేసి లోపల పేర్చాక మేము బాండు రాసిస్తాం, సరుకు మా దగ్గరుందన్న రసీదు అది. ఆ కాగితం పెట్టుకుని బ్యాంకులో అప్పు తెచ్చుకోవచ్చు. ఆ కాగితం చేతులు మారితే, లోపలున్న సరుకు అంగుళం కదలకుండానే ఇంకొకరిదైపోతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

2003 మే నెల. బయట 45 డిగ్రీల ఎండ. పల్నాటి వైపు నుంచి ఒక రైతు వచ్చాడు, చంకలో స్వెట్టర్. మే నెల గుంటూరులో స్వెట్టర్ పట్టుకున్న మనిషిని ఊహించుకోండి. తన బస్తాలు ఒకసారి చూసుకుంటానన్నాడు. అది మామూలే, చూపిస్తాం. లోపలికి వెళ్లే ముందు స్వెట్టర్ తొడుక్కున్నాడు. గులాబీ రంగు ఊలు, మెడ దగ్గర తెల్ల పువ్వు కుట్టు, బొత్తాలు ఎడమవైపు. ఆడవాళ్ల స్వెట్టర్. మనిషి పొడుగు, చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. ముఠా మేస్త్రి వెంట లోపలికెళ్లి పది నిమిషాలకు బయటికొచ్చాడు. స్వెట్టర్ విప్పి, చేతులు లోపలికి మడిచి, చీర మడత పెట్టినంత నెమ్మదిగా మడత పెట్టుకున్నాడు. కుండలో నీళ్లు ముంచుకు తాగాడు. వెళ్లిపోయాడు.

స్వెట్టర్ వింతగానే ఉంది. కానీ నేను చూసిన తేడా అది కాదు. స్టోరేజీకి వచ్చిన ఏ రైతయినా మా కిటికీ దగ్గర ఆగి అడిగే మొదటి మాట ‘ఇవాళ యార్డులో ఎంత పలికిందమ్మా?’ అని. ఆయన అడగలేదు. వెళ్లేటప్పుడూ అడగలేదు. బస్తా కుట్టు విప్పి కాయ ఎలా ఉందో కూడా చూసుకోలేదని తర్వాత మేస్త్రి చెప్పాడు. ఊరికే బస్తా మీద చెయ్యి వేసి నిలబడ్డాడట.

ఆ రాత్రి పుస్తకంలో ఇలా రాసుకున్నాను: ‘గులాబీ స్వెట్టర్. బస్తా మీద చెయ్యి. ధర అడగలేదు.’

నాలుగు రోజులకే ఒక కథ రాశాను. అందులో ఆయన భార్య చచ్చిపోయింది, ఆ స్వెట్టర్ ఆమెది, ఆ కాయలు ఆమె చివరిసారి కోసినవి. రాస్తూ ఏడ్చాను కూడా. పొద్దున లేచి చదివితే నాకే నమ్మబుద్ధి కాలేదు. ఎందుకంటే ఆ కథ నాకు ముందే తెలుసు. పోయిన భార్య వస్తువును మొగుడు గుండెకు హత్తుకుని తిరగడం ఎన్ని కథల్లో చదవలేదు, ఎన్ని సినిమాల్లో చూడలేదు? మనసుకు మొదట తోచే జవాబు చాలాసార్లు మనది కాదు, ఎక్కడో విన్నది. దాన్ని రాసి పక్కన పడేయాలి. రాయకుండా పడేద్దామంటే కుదరదు, లోపలే అడ్డం పడి ఉంటుంది. రెండోసారి కొడుకు మోసం చేశాడని రాశాను. అదీ నిలవలేదు.

ఎనిమిదేళ్లు ఆ మూడు ముక్కలు అలాగే ఉన్నాయి. 2011 ఫిబ్రవరిలో ఒకరోజు బాండ్ల రిజిస్టరులో పేర్లు మారుస్తున్నాను. పాత పేరు మీద ఎర్ర సిరాతో గీత, పక్కన కొనుక్కున్నవారి పేరు. ఆ గీత గీస్తుంటే చెయ్యి ఆగిపోయింది. అప్పటికే ఆయన సరుకు ఆయనది కాదేమో! ఏ అవసరానికో బాండు అమ్మేసి ఉంటాడు. లోపల బస్తాల మీద ఆయన మార్కే ఉంది, కానీ కాయ వేరేవాళ్లది. ఇక ఆయనకు ధరతో పనేముంది? కుట్టు విప్పే హక్కేముంది? ఊరికే చెయ్యి వేసి చూసుకోవడానికి వచ్చాడు. మరి స్వెట్టర్? ఇంట్లో భార్యకు ఈ సంగతి తెలియదు. మన పంట చూసొస్తానంటే, ‘లోపల బాగా చలంట, నాది వేసుకెళ్లు’ అని ఆమే చేతికిచ్చి పంపించింది.

నాలుగు రోజుల్లో కథ పూర్తయింది. ఇప్పటికీ నేను రాసినవాటిలో నాకు బాగా ఇష్టమైనది అదే.

నిజంగా జరిగింది అదేనా అంటే తెలియదు. 2003 రిజిస్టరు మా ఆఫీసు అటక మీదే ఉండేది. తీసి ఆ పేరు మీద ఎర్రగీత ఉందో లేదో చూస్తే తెలిసిపోయేది. నేను చూడలేదు. గీత ఉంటే నా కథ ఒక రైతు రహస్యం అయిపోతుంది. లేకపోతే నా చెయ్యి ఆగిపోతుంది. అడిగి తెలుసుకోవాల్సినవి వేరే ఉంటాయి: బాండు ఎలా మారుతుంది, కుట్టు దబ్బనంతో వేస్తారా, లోపల ఎంతసేపు నిలబడగలరు, నాసిరకం కాయను ఎలా పోల్చుకుంటారు. అవన్నీ మేస్త్రిని కూర్చోబెట్టి అడిగాను, రెండుసార్లు లోపలికి వెళ్లి నిలబడ్డాను. పని గురించి ఎంత అడిగితే అంత మంచిది. ఆ ఒక్క మనిషి ఎందుకలా చేశాడన్నది మాత్రం మనమే కట్టుకోవాలి. మొత్తం తెలిసిన సంగతి రాస్తే అది వార్త అవుతుంది.

ఒక్కోసారి ఒక తేడాతో కథ నడవదు. ఇంకో చోటి నుంచి ఇంకొకటి వచ్చి దాని పక్కన చేరాలి. నెలకో ఆదివారం గుంటూరు నుంచి విజయవాడ వెళ్లేదాన్ని, లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల కోసం. రైల్లో గంట ప్రయాణం. ఒకసారి ఎదురుగా ఒక అమ్మాయి కూర్చుంది, పాతికేళ్లుంటాయి. మంగళగిరి, కృష్ణా కెనాల్ స్టేషన్లు దాటి బండి బ్రిడ్జి ఎక్కింది. అందరూ కిటికీల దగ్గరికి జరిగి దణ్ణం పెట్టుకుంటున్నారు, ఎవరో వేసిన రూపాయి ఇనుప గడ్డర్‌కు తగిలి ఖంగుమంది. అప్పుడే ఆ అమ్మాయికి ఫోనొచ్చింది. కింద కృష్ణ కనిపిస్తుండగా, ‘ఇంకా మంగళగిరే దాటలేదు నాన్నా’ అంది. ఫోను పెట్టేసి, తనూ నదికి దణ్ణం పెట్టుకుంది.

ఇంకో అయిదు నిమిషాల్లో దిగబోయే మనిషికి ఆ అబద్ధం ఎందుకు కావాల్సి వచ్చింది? రాసిపెట్టుకున్నాను. ఎన్నిసార్లు కదిపినా ప్రేమ వ్యవహారం తప్ప ఇంకేమీ రాలేదు, అది నాకు నచ్చలేదు. ఆరేళ్ల తర్వాత విజయవాడ స్టేషన్‌లో బెంచీ మీద ఒక పెద్దాయన కనిపించాడు, ఒళ్లో అరటిపళ్ల కవరు. ఎవరి కోసమో ఎదురుచూస్తున్నాడు. బండి గంట ఆలస్యమని మైకులో చెప్పారు. చుట్టూ ఉన్నవాళ్లంతా విసుక్కుంటుంటే ఆయన మొహం తేటపడింది. వెనక్కి ఆనుకుని, ఒక పండు ఒలుచుకుని తిన్నాడు.

బండి లేటయినందుకు ఊపిరి పీల్చుకున్న తండ్రి, దగ్గరకొచ్చేసిన బండిని మాటల్లో వెనక్కి నెట్టిన కూతురు. వీళ్లిద్దరూ ఎవరో ఎవరికి ఎవరో! నా పుస్తకంలో మాత్రం పక్కపక్కన కూర్చున్నారు. కలుసుకోవాలని ఇద్దరికీ ఉంది, ఆ మొదటి మాట అనడానికి ఇద్దరికీ ఇంకో గంట కావాలి. ఇంక నేను వెతుక్కోవాల్సిందల్లా ఆ మాట ఏమిటన్నదే.

ఇప్పుడు మీకు తప్పకుండా చెప్పాల్సిన సంగతి. నా తప్పు ఒకటుంది.

మా ఇంటికి రెండిళ్ల అవతల ఒకావిడ ఉండేది. నేను అత్తయ్యా అని పిలిచేదాన్ని. పేటలో ఆడవాళ్లతో చీటీలు వేసేది. ఒకామె చీటీ పాడుకుని, డబ్బు తీసుకుని ఊరొదిలి వెళ్లిపోయింది. మిగతావాళ్లకు మాట పోకూడదని అత్తయ్య తన నాలుగు గాజులు అమ్మేసి కట్టింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తోడు వెళ్లింది మా అమ్మ. అదే రోజు అత్తయ్య అచ్చం అలాంటివే రోల్డ్ గోల్డ్ గాజులు కొని వేసుకుంది. చూడ్డానికి తేడా లేదు, చప్పుడుకు తేడా ఉంది. బంగారం గాజుల చప్పుడు వేరు, ఇవి రేకులా మోగుతాయి. అందుకని అత్తయ్య చెయ్యి కదిపేటప్పుడు గాజుల్ని మోచేతి వైపు నెట్టుకుని పట్టు బిగించేది. అంట్లు తోమినా, పిండి కలిపినా, చప్పుడు కానివ్వదు. కోడలి ముందు మరీను. అది నాకొక్కదానికే తెలుసు, అమ్మ చెప్పింది కాబట్టి.

నాకప్పుడు ముప్పై ఏళ్లు. అంత మంచి సంగతి చేతిలో ఉండేసరికి ఆగలేకపోయాను. పేరు మార్చాను, బ్రాడీపేటను తెనాలి చేశాను, రాసి ఒక వారపత్రికకు పంపాను. అచ్చయింది. వాళ్ల కోడలు చదివింది. పేరు వేరైనా, ఊరు వేరైనా, గాజులు పైకి నెట్టుకునే చెయ్యి రోజూ తన కళ్లముందు ఉన్నదే కదా.

అత్తయ్య మా ఇంటికొచ్చింది. అరవలేదు. గుమ్మంలోనే నిలబడి, ‘నువ్వు రాసినదాంట్లో ఒక్క అబద్ధం ఉన్నా బతికిపోయేదాన్ని తల్లీ’ అంది. మా అమ్మ వైపు మాత్రం చూడలేదు. మళ్లీ పదకొండేళ్ల వరకు మా గడప తొక్కలేదు. నా కథకు అందరికంటే ఎక్కువ మూల్యం చెల్లించింది మా అమ్మ. నలభై ఏళ్ల స్నేహం పోగొట్టుకుంది. ఆ కథను నేను ఏ సంపుటిలోనూ వేయలేదు, వేయను.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. పేరు, ఊరు మారిస్తే మార్చినట్టు కాదు. మనిషినే మార్చాలి. ఆడమనిషి మగమనిషి కావాలి, వయసు మారాలి, చేసే పని మారాలి, దాచుకున్న వస్తువు మారాలి. అత్తయ్య దగ్గర నుంచి నేను తీసుకోదగింది ఒక్కటే: తన వస్తువు చప్పుడు చేస్తే తన రహస్యం బయటపడుతుందని చెవులు రిక్కించుకుని బతికే మనిషి. పదిహేనేళ్ల తర్వాత అది ఒక రిటైరైన మేష్టారి దగ్గరికి చేరింది. ఆయన చేతికి ఆగిపోయిన వాచీ ఉంటుంది, బాగు చేయించడానికి డబ్బుల్లేవు, ఎవరైనా టైమెంతని అడుగుతారేమోనని జనంలో చెయ్యి జేబులో పెట్టుకుంటాడు. అది చదివి ఎవరూ బాధపడలేదు. అత్తయ్య చదివినా పోల్చుకోలేదనే అనుకుంటున్నాను. రహస్యం మీకు ఎవరి నోటి ద్వారా తెలిసిందో ఆ మనిషినీ లెక్కలో వేసుకోండి. మనం మూడో మనిషి గురించే ఆలోచిస్తాం, మధ్యలో ఉన్నవాళ్లు నలిగిపోతారు.

మీ పనిలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. మందుల చీటీ చూస్తే మనిషి జబ్బు తెలిసిపోతుంది. ఎవరు ఏ మాత్ర కొంటున్నారో, ఏ వీధివాళ్లు తమ పేట వదిలి మీ షాపుకే ఎందుకొస్తున్నారో మీకు తెలుసు. నమ్మి ఇచ్చిన చీటీ అది. జబ్బు, పేరు, వీధి ఈ మూడూ మీ పుస్తకంలోకి కూడా ఎక్కనివ్వకండి. పుస్తకం ఎవరి చేతికైనా చిక్కవచ్చు. చెయ్యి, వస్తువు, నోటి నుంచి వచ్చిన మాట, ఇవి చాలు.

పుస్తకం గురించి ఎలాగూ అడుగుతారు. చిన్నది, హ్యాండ్‌బ్యాగులో పట్టేది తీసుకోండి. ఫోన్‌లో రాసుకున్నా ఫరవాలేదు, నా చెయ్యి మాత్రం కాగితం మీదే నడుస్తుంది. తారీఖు, చోటు, చూసినది. అంతే. మీకేమనిపించిందో రాయొద్దు. ‘ఇవాళ ఒక పేద ముసలాయనను చూసి మనసంతా అదోలా అయింది’ అని రాసుకుంటే రెండు నెలల తర్వాత ఆ అదోలా కూడా ఉండదు, ముసలాయనా ఉండడు. ‘బీపీ మాత్రలు అయిదు అడిగాడు. షీటు పది. మిగతా అయిదు వేరేవాళ్లకు అమ్మొద్దు, ఒకటో తారీఖు పింఛను రాగానే వస్తా, నా పేరు రాసి ఉంచమన్నాడు’ అని రాసుకోండి. పదేళ్లయినా ఆయన అక్కడే నిలబడి ఉంటాడు. మాటలు ఉన్నదున్నట్టు పట్టుకోండి. పుస్తకాల భాషలోకి దిద్దకండి. మా దగ్గర నాసిరకం కాయను తాలు అంటారు, మనుషుల్ని కూడా ‘వాడు తాలు’ అనేస్తారు. అలాంటి మాట ఒక్కటి పడితే ఆ మనిషి ఊరు వేరే చెప్పక్కర్లేదు.

రోజూ ఏదో ఒకటి దొరకాలని టెన్షన్ పెట్టుకోవద్దు. వారానికి రెండు ముక్కలు దొరికితే బోలెడు. ఎక్కువ రాసుకునేవాళ్లు ఎక్కువ రాస్తారని కూడా లేదు.

వరద సంగతి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు మీ సింగ్‌నగర్‌ను ముంచేసింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. అందరూ రాసేశారన్నారు. అందరూ రాసింది నీళ్ల గురించి. పడవలు, డ్రోన్లు, పాల ప్యాకెట్ల కోసం మేడ మీద నుంచి చాచిన చేతులు. అవి పేపర్లో వచ్చాయి, రావాల్సిందే. కథకు అంత నీళ్లు అక్కర్లేదు.

నీళ్లు తీశాక మీ వైపు మా చుట్టాలింటికి వెళ్లాను. ఇల్లంతా బురద వాసన, బ్లీచింగ్ వాసన. గోడల మీద ఎక్కడికక్కడ నీళ్లు నిలిచిన గోధుమరంగు గీత. ఆ ఇంట్లో వంటింటి గుమ్మానికి పెన్సిల్ గీతలున్నాయి, పిల్లాడి ఎత్తు కొలిచినవి, ప్రతి పుట్టినరోజుకూ ఒకటి. నీళ్లలో మునిగినా రెండు మూడు ఇంకా కనిపిస్తున్నాయి. వాటికి పైన వరద గీత. వాళ్లమ్మ ఇల్లంతా బ్రష్షుతో బరబరా రుద్దుతోంది. ఆ గుమ్మం దగ్గరకొచ్చేసరికి బ్రష్షు పక్కనపెట్టి పిల్లాణ్ణి పిలిచింది. గుమ్మానికి ఆనించి నిలబెట్టింది. వాడి నడినెత్తి మీద నుంచి వరద గీత దాకా జానతో కొలిచింది. జానా నాలుగు వేళ్లు. ఏమీ అనలేదు. ‘పో, ఆడుకో’ అని పంపేసి, తడిగుడ్డతో ఆ గుమ్మం ఒక్కటీ నెమ్మదిగా తుడిచింది. పెన్సిల్ గీతలు ఉంచింది. పై గీతను తుడిచిందా లేదా అన్నది నేను చూడలేదు, ఎవరో పిలిస్తే బయటికి వెళ్లాను.

అది నేను ఇంకా రాయలేదు. మీరు ఆ పేటలోనే ఉన్నారు, మీ ఇంటి గోడ మీదా ఏదో ఒక గీత ఉండే ఉంటుంది. దానిపక్కన ఏముందో చూడండి. ఏడాదికి రాస్తారో, పదేళ్లకు రాస్తారో తొందరేం లేదు. నీళ్లలో ఉన్నవాళ్లు వెంటనే రాయలేకపోవడం తప్పు కాదు.

టైము ఎక్కడిదని మీరు అడగలేదు గానీ అదే అసలు బాధ అయి ఉంటుంది. ఇద్దరు పిల్లలతో, ఉద్యోగంతో, కూర్చుని రాయడానికి పొద్దు దొరకదు. నాకూ దొరికేది కాదు. నా కథల్లో ముప్పావువంతు అంట్లు తోముతూ, బియ్యం ఏరుతూ తయారైనవే. చేతులు పనిలో ఉన్నప్పుడు బుర్ర ఖాళీ అవుతుంది. ఆ సమయంలో ఫోన్‌లో ఏదో ఒకటి మోగనివ్వకండి, అదొక్కటే నేనడిగేది. పిల్లలు పడుకున్నాక పావుగంట కాగితం మీద పెడితే చాలు. ఒక కథకు మూడు నెలలు పట్టనివ్వండి.

ఇవాళ రాత్రి ఆ పావుగంటలో పెద్ద కథేమీ మొదలుపెట్టవద్దు. వాపసు తెచ్చిన మనుషుల్లో మీకు బాగా గుర్తున్న ఒక్కరిని తలుచుకోండి. ఆ మనిషినే రాయమనడం లేదు, అత్తయ్య సంగతి చెప్పాను కదా. షీటును రాయండి. సగం కత్తిరించి ఇచ్చేటప్పుడు ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉంచుకుంటారు కదా, అంటే ఇంటికెళ్లిన ముక్క మీద తేదీ లేదు. ఆ తేదీ లేని ముక్కను మీరు వెనక్కి తీసుకోలేదు. అందులో ఇంకా ఎన్ని మాత్రలున్నాయి? గుర్తుంటే ఆ అంకె వేయండి. గుర్తులేకపోతే మీకు తోచిన అంకె వేసి, ఇంటికెళ్లాక వాళ్లు దాన్ని ఏ అలమరలో, దేనిపక్కన పెట్టారో రాయండి.